టైమ్‌టేబుల్ తీసేశాకే మా ఇంట్లో రోజు కుదుటపడింది

మీ పాపకు ఏడేళ్లు, బాబుకు నాలుగు. జూన్‌లో బడి మాన్పించి, ఇంట్లోనే చదివిద్దామని తొమ్మిదింటికి తెలుగు, పదింటికి లెక్కలు అని గోడకు టైమ్‌టేబుల్ అంటించామని, వారం తిరక్కుండానే అది మూలపడిందని, రోజూ అరుపులతోనే ముగుస్తోందని రాశారు. రెండేళ్ల కిందట మాదీ అచ్చం ఇదే పరిస్థితి అండీ. మా పిల్లలవీ అప్పుడు ఆ వయసులే.

మేము గడియారాన్ని వదిలేసి, ఇంట్లో ఎలాగూ జరిగే పనులకు చదువును ముడి వేసుకున్నాం. టిఫిన్ తిన్నాక చదువు, అన్నం తిన్నాక నిద్రో పుస్తకమో, సాయంత్రం పాలు తాగాక బయటికి. టిఫిన్ ఎనిమిదింటికైనా పదింటికైనా, తర్వాత వచ్చేది మాత్రం మారదు. నెల తిరిగేసరికి పెద్దవాడు ప్లేటు సింకులో పెట్టి చదువుకు తనే చాప పరుస్తున్నాడు.

కూర్చోగానే ముందు చిన్నవాళ్లను చూసుకోండి. మేము మొదట్లో దీన్ని తిరగేసి చేశాం, రోజూ ఏడుపే. పావుగంట మా చిన్నదానితో చింతగింజలు లెక్కపెట్టి, ఒక బొమ్మల కథ చదివితే చాలు, హాయిగా పక్కకెళ్లి ఆడుకుంటుంది. అప్పుడు పెద్దవాడికి ఇరవై నిమిషాలు తెలుగు, లేచి నీళ్లు తాగొచ్చాక ఇరవై నిమిషాలు లెక్కలు. ఇంత తక్కువైతే ఎలా అని నాకూ చాలా టెన్షన్‌గా ఉండేది. పక్కన కూర్చుని ఒక్కడికే చెప్తున్నప్పుడు ఆ వయసుకు అంతకు మించి అక్కర్లేదని వాడు చదవడం చూశాకే నమ్మకం కుదిరింది.

ధనుర్మాసంలో మా వరసే వేరు. పొద్దున్నే అందరం వాకిట్లో ముగ్గు దగ్గరే ఉంటాం. ఒకరోజు మా అత్తయ్యగారు "ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగు వరకు" అని చెప్పి, చుక్కలు పెట్టే పని మావాడికి అప్పజెప్పారు. మొత్తం ఎన్నిరా అని అడిగాను. ఒక్కొక్కటీ వేలు పెట్టి లెక్కపెడుతూ రెండుసార్లు తప్పాడు. మూడోసారి లేచి నిలబడి చూశాడు. మధ్యలో ఏడు, పైన ఆరు, అయిదు, నాలుగు, కిందా అంతే. "పైన పదిహేను, కింద పదిహేను, మధ్యలో ఏడు... ముప్పై ఏడు నానమ్మా!" అని అరిచాడు. ఆ రోజు లెక్కల పుస్తకం తియ్యలేదు.

మే నెలలో ఎండ ముదరకముందే ఆటలు అయిపోవాలి కాబట్టి చాప మధ్యాహ్నానికి జరుగుతుంది. జ్వరమొచ్చినా, చుట్టాలొచ్చినా రెండే మిగుల్చుకుంటాం: పగలు ఒక పేజీ, రాత్రి ఒక కథ.

పరీక్షల సంగతేంటని మీ అత్తగారు రోజూ అడుగుతున్నారన్నారు కదా. బడికి వెళ్లకుండానే చదివి పరీక్షలు రాసే వీలిచ్చే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్‌లో 14 ఏళ్లు నిండితే పదో తరగతికి చేరవచ్చు. అంతకుముందే కావాలంటే 3, 5, 8 తరగతులకు సమానమైన ఎ, బి, సి స్థాయిలు ఉన్నాయి. ఈ మాట ఆవిడకు నిదానంగా చెప్పండి. పెద్దవాళ్ల భయం తగ్గితే ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది, మా ఇంట్లో తగ్గింది.

రేపు ఆ కాగితం గోడ మీద నుంచి తీసేయండి. మొదటి పది రోజులు టిఫిన్ తర్వాత చాప, అదొక్కటే పెట్టుకోండి. మధ్యాహ్నం సంగతి తర్వాత చూసుకోవచ్చు.