కుండలీకరణం: ఒక ఆరోపమా, రెండా?

సందేహం: మా బడి పిల్లలతో కలిసి చిన్న పదకోశం తయారు చేస్తున్నాము. కుండలీకరణం (బ్రాకెట్ల జంట), ఉద్ధరణ చిహ్నాలు (కొటేషన్ గుర్తులు) జంటగానే వస్తాయి కదా. వాటిని ఒకే ఆరోపంగా, అంటే పదకోశంలో ఒకే పద్దుగా ఇవ్వాలా, తెరిచే గుర్తును, మూసే గుర్తును విడివిడిగా ఇవ్వాలా? అకారాదిలో వాటి చోటు ఎక్కడ?
– ఒక ఉపాధ్యాయుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా

సమాధానం: జంటను ఒకే ఆరోపంగా ఇచ్చి, విడి గుర్తుల పనిని అందులోనే వివరించడం మేలని నా అభిప్రాయం. మీ వైపు రైతు అరక కట్టేటప్పుడు ఎడ్లను జతగానే లెక్కిస్తాడు గాని, దాపటెద్దును (ఎడమ ఎద్దును) వలపటి (కుడి) వైపు కట్టడు.

‘దంపతులు’ నిత్య బహువచనం కనుక నిఘంటువు దానిని అలాగే ఇస్తుంది. ‘చెప్పులు’ జంటే అయినా ‘చెప్పు’ ఒంటిగానూ వాడుకలో ఉంది. కుండలీకరణం ఈ రెండవ తెగకు చెందుతుంది. ప్రశ్నలకు 1), 2) అని వరుస వేసేటప్పుడు మూసే గుర్తు ఒక్కటే వస్తుంది. గణితంలో [0, 1) అని రాస్తే ఒకవైపు చదరపు బ్రాకెట్టు, మరొకవైపు గుండ్రని బ్రాకెట్టు ఉండడం అచ్చుతప్పు కాదు, 0 ఆ అంతరంలో (0 నుంచి 1 దాకా ఉన్న సంఖ్యల సముదాయంలో) చేరుతుందని, 1 చేరదని దాని అర్థం. కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ గుర్తుకూ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లోనూ తెరిచే బ్రాకెట్టుకు, మూసే బ్రాకెట్టుకు వేరువేరు సంకేతసంఖ్యలు ఉన్నాయి. కనుక విడి వాడుకను చెప్పని ఆరోపం అసంపూర్ణమే అవుతుంది.

ఉద్ధరణ చిహ్నాల విషయంలో తెలుగుకు ఒక విశేషం ఉంది. ‘రేపు వస్తానని చెప్పాడు’ అన్నప్పుడు పరుల మాట ఎక్కడ ముగిసిందో ‘అని’ చెబుతుంది. ఎక్కడ మొదలైందో చెప్పే మాట మాత్రం లేదు. అంటే మనకు నిజంగా అవసరమైనది తెరిచే గుర్తే. ఉద్ధరణ చిహ్నాల ఆరోపంలో ఈ సంగతిని ఒక వాక్యంలో చేర్చండి.

ఇక అకారాది: గుర్తుకు అక్షరక్రమం ఉండదు, దాని పేరుకే ఉంటుంది. ‘కుండలీకరణం’ క-కారంలోనూ, ‘బ్రాకెట్టు’ బ-కారంలోనూ ఉండాలి. రెండవచోట ‘కుండలీకరణం చూడు’ అంటే చాలు. పేరు తెలియని పిల్లవాడు గుర్తును చూసి వెదకడానికి పుస్తకం చివర ఒక పట్టిక వేసి, అక్కడ మాత్రం ఎడమ గుర్తును, కుడి గుర్తును వేరువేరు వరుసలలో చూపండి.

వ్యాకరణ విషయాలను మీరు బ్రాకెట్లలోనే ఇస్తున్నట్లయితే, వివరించవలసిన గుర్తును పెద్ద అక్షరంలో, చుట్టూ ఖాళీ వదిలి అచ్చువేయించండి. ఆ జంట నడుమ కూడా కొంత ఎడం ఉండాలి. దగ్గరగా వేస్తే అది సున్నలా కనబడుతుంది.