నలభై మందికి లాడ్జి గదులు వెతక్కండి, కళ్యాణ మండపం మాట్లాడుకోండి

మీరు అడిగింది ఇదీ: నాణేలు సేకరించేవాళ్ల సంఘం, వార్షిక సమావేశం ఈసారి శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో, నలభై మంది దాకా వస్తారు, ఎక్కువమంది హైదరాబాద్, విజయవాడల నుంచి. రైళ్లు, బస ఎలా ప్లాన్ చేసుకోవాలి అని.

నాణేల సంగతి నాకు తెలీదు. మాది పక్షుల పిచ్చి. కానీ ఏ సంఘమైనా ఒకటే లెండి. ఒక అధ్యక్షుడు, ఒక కార్యదర్శి, పని చేసేవాళ్లు ఇద్దరు, ‘నాకు కింద బెర్తే కావాలి’ అనేవాళ్లు మిగతా అందరూ. నేను శ్రీకాకుళం వాణ్ణి కాబట్టి మావాళ్లు ఇటు వచ్చినప్పుడల్లా బస చూసే పని నా నెత్తినే పడుతుంది. అందుకని మొహమాటం లేకుండా చెప్తున్నాను. లాడ్జిలకి ఫోన్ చేసి రేట్లు కనుక్కునే పనిలో ఉంటే ఆపేయండి. ముందు పంచాంగం తియ్యండి.

మా అప్పటి కార్యదర్శి గారు హైదరాబాద్‌లో కూర్చుని, గోడమీద ఇంగ్లీషు క్యాలెండర్ చూసి, అందరికీ కుదురుతుందని ఒక తేదీ పెట్టేశారు. ఆ రోజు రథసప్తమి. అరసవల్లి సూర్యదేవుడి గుడి శ్రీకాకుళం ఊళ్లో ఉన్నట్టే లెక్క. ముందురోజు రాత్రి నుంచే జనం క్యూలో నిలబడతారు. ఒరిస్సా నుంచి కూడా వస్తారు. ‘సార్, ఆ రోజు ఊళ్లో కాలు పెట్టడానికి చోటుండదు’ అని నేను ఫోన్లో చెప్పాను. ‘గుడికొచ్చేవాళ్లు వేరు, మనం వేరు కదండీ’ అన్నారాయన. దానికేం చెప్తాం?

సరే, ఒక లాడ్జిలో గదులు మాట్లాడాను. అడ్వాన్సు ఇచ్చాను, రసీదు తీసుకున్నాను. తీరా సాయంత్రం మావాళ్లు బైనాక్యులర్లు, ట్రైపాడ్లు మెళ్లో భుజాన వేసుకుని దిగేసరికి కౌంటర్లో కుర్రాడు తల ఎత్తడు. ‘పార్టీ ఖాళీ చెయ్యలేదు సార్’ అంటాడు. ఎప్పుడు చేస్తారయ్యా అంటే ‘ఎల్లుండి’ అంటాడు. మా అడ్వాన్సో? ‘అది ఎక్కడికీ పోదు సార్, భద్రంగా ఉంది.’ రిటైర్డ్ లెక్కల మాస్టారు ఒకాయన మెట్లమీద సూట్‌కేసు పెట్టి దానిమీద కూర్చున్నారు. ఇద్దరు ఆడవాళ్లు తెలిసినవాళ్ల ఇంటికి వెళ్లిపోతామన్నారు. కార్యదర్శి గారు మాత్రం ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు. అవతల ఎవరైనా మాట్లాడుతున్నారా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

మా బావమరిదికి తెలిసిన టెంట్ హౌస్ ఆయన ఉన్నాడు. ఆయనకి ఫోన్ చేస్తే, ‘ఫలానా మండపంలో పెళ్లి నిన్న రాత్రి అయిపోయింది, అప్పగింతలు కూడా అయిపోయాయి, ఇంకా ఊడవలేదు, పర్వాలేదా’ అన్నాడు. పర్వాలేదా ఏమిటి! పరుపులు, దిండ్లు, దుప్పట్లు ఆయనే ఆటో ట్రాలీలో వేసుకొచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ తాత మమ్మల్ని ఆపి, ‘పెళ్లి అయిపోనాది గదా బాబూ, మీరెవరి తాలూకు? మగపెళ్లోరా, ఆడపెళ్లోరా?’ అన్నాడు. మేం ఎవరి తాలూకూ కాదంటే ఆయన నమ్మలేదు. తెల్లారి మాస్టారికి టీ గ్లాసు అందిస్తూ ‘పెళ్లికొడుకు మేనమామ గారు తమరేనా’ అని అడిగాడు. మాస్టారు టీ ముఖ్యం కాబట్టి అవునన్నారు.

పొద్దున్న చూస్తే హాలు నిండా తలంబ్రాలు. బియ్యం, బంతిపూల రేకులు, మధ్యలో మా పరుపులు. వెంటిలేటర్లలోంచి పిచ్చుకలు దిగి మా పక్కలమధ్య తిరుగుతూ బియ్యం ఏరుకుంటున్నాయి. హైదరాబాద్ వాళ్లకి ఇంటిదగ్గర పిచ్చుక కనబడదు కదా, పళ్లు తోముకోవడం కూడా మానేసి కెమెరాలు తీశారు. సర్వసభ్య సమావేశం అక్కడే, ఆ పరుపులమీదే జరిగింది. కోశాధికారి లెక్కలు చదువుతుంటే సగం మంది పైకి చూస్తున్నారు. ఒక్క ప్రశ్న లేకుండా లెక్కలు పాసవడం మా సంఘం చరిత్రలో అదే మొదటిసారి.

ఆ తర్వాత లాడ్జి మాటెత్తలేదు నేను. మండపంలో ఏముంటుందో ఒకసారి ఆలోచించండి. మీటింగుకి హాలు ఉంది, మైకు ఉంది, కుర్చీలున్నాయి, కింద భోజనాల హాలు, వెనకాల వంటశాల, కరెంటు పోతే జనరేటరు. లాడ్జిలో అయితే వీటన్నిటికీ ఇంకో చోటు వెతుక్కోవాలి, అందరినీ ఆటోలెక్కించి అక్కడికి తోలాలి. మీకైతే ఇంకో లాభం. పెళ్లికూతురు విడిది గదికి మంచి తాళం ఉంటుంది, నగలు పెట్టుకునే గది కదా. మీ నాణేల ఆల్బములు అందులో పెట్టి తాళంచెవి కోశాధికారి మొలతాడుకి కట్టండి. పెద్దవాళ్లకీ ఆడవాళ్లకీ విడిది గదులిచ్చి మిగతావాళ్లు హాల్లో పడుకుంటే సరిపోతుంది. ‘నాకు అటాచ్డ్ బాత్రూము లేకపోతే నిద్ర పట్టదు’ అనే సభ్యులు ప్రతి సంఘంలోనూ ఉంటారు. వాళ్లని వైజాగ్‌లో దిగి కారేసుకుని రమ్మనండి.

బాత్రూముల సంగతి మాత్రం ఫోన్లో తేల్చకండి. మనిషిని పంపి లెక్కపెట్టించండి, కుళాయి తిప్పి చూడమనండి. జనరేటరు డీజిలు, ఊడ్చినందుకు కూలి విడిగా అడుగుతారు, అద్దె మాట్లాడేటప్పుడే అవి కూడా కలిపి మాట్లాడండి. దోమలుంటాయి.

ఇక ఎప్పుడు పెట్టాలన్నది. ధనుర్మాసంలో పెళ్లిళ్లుండవు, పుష్యం శూన్యమాసం, మండపాలు ఖాళీగా ఉంటాయి. అడిగినవాడే మారాజు, అద్దె దగ్గర గట్టిగా బేరమాడొచ్చు. కాబట్టి డిసెంబరు చివర గానీ జనవరి మొదటి వారం గానీ పెట్టుకోండి. సంక్రాంతి దాకా జరిపారో, అయిపోయారు. మా జిల్లా వాళ్లు సగం మంది హైదరాబాద్, విజయవాడ, చెన్నైల్లోనే ఉంటారు. పండక్కి అందరూ ఒకేసారి వచ్చి కనుమ వెళ్లగానే ఒకేసారి బయల్దేరతారు. మాఘం వస్తే ముహూర్తాలు, దానికి తోడు రథసప్తమి. విజయనగరంలో అయితే దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను. ఆ చుట్టుపక్కల రోజుల్లో ఊళ్లో చాప కూడా దొరకదు. వీలైతే ఉత్సవం చూడ్డానికి విడిగా రండి, సంఘాన్ని వెంటబెట్టుకుని కాదు.

రైళ్ల విషయం తేలిక. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. 2024 నవంబరుకి ముందు 120 రోజులుండేది, మీ పాత సభ్యులు ఇంకా ఆ లెక్కలోనే ఉంటారు. ఒక టికెట్‌మీద ఆరుగురికి మించి వెయ్యరు కాబట్టి ఆరుగురేసి గుంపులు చేసి, గుంపుకి ఒక బాధ్యుణ్ణి పెట్టండి. అందరికీ ఒక్కరే బుక్ చేస్తే ఆ మనిషి మరుసటి ఏడాది సంఘంలో ఉండడు. హైదరాబాద్ నుంచి నేరుగా వచ్చే విశాఖ ఎక్స్‌ప్రెస్, కోణార్క్ లాంటి వాటిలో దొరక్కపోతే వైజాగ్ దాకా వచ్చేసి, కాంప్లెక్సులో ఆర్టీసీ బస్సెక్కితే రెండు మూడు గంటల్లో శ్రీకాకుళం. ఇంకో మాట. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ శ్రీకాకుళంలో లేదు, ఆమదాలవలసలో ఉంది. ఊళ్లోకి పన్నెండు పదమూడు కిలోమీటర్లు. మావాడొకడు అర్ధరాత్రి దిగి ‘లాడ్జి బస్టాండ్ పక్కనే కదా, నడిచొచ్చేస్తా’ అని ఫోన్ చేశాడు. విజయనగరంలో ఈ బాధ లేదు, జంక్షను, స్టేషను ఊళ్లోనే. రైలు సుఖమే ముఖ్యమైతే అక్కడే పెట్టుకోండి.

చూడ్డానికైతే మాత్రం శ్రీకాకుళమే. మీవాళ్లకి ముఖలింగం చూపించండి. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం అదే అంటారు, ఆ గాంగుల బంగారు పణాలు మీలో ఎవరి దగ్గరైనా ఉండే ఉంటాయి. శాలిహుండంలో కొండమీద బౌద్ధ స్తూపాలు, కింద వంశధార. ఒక పూట మిగిలితే టెక్కలి దగ్గర తేలినీలాపురం రండి. జనవరిలో చింతచెట్లమీద గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు ఉంటాయి. ఊరివాళ్లు వాటిని ఇంటిపిల్లల్లా చూసుకుంటారు. మీ బస్సు డ్రైవరు అవి సైబీరియా నుంచి వచ్చాయని చెప్తాడు, పేపర్లూ ఏటా అదే రాస్తాయి. నమ్మకండి. గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ మన దేశంలోనే గూళ్లు కట్టి పిల్లల్ని పెంచే పక్షులు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి కూడా చూస్తామని ఎవరైనా పట్టుబడితే వద్దనండి. అక్కడికి వచ్చే నత్తగుల్ల కొంగలు వానాకాలం ముందు వచ్చి చలికాలం మొదట్లోనే వెళ్లిపోతాయి, జనవరిలో ఖాళీ చెట్లే చూడాలి. మా అధ్యక్షుడు గారికి ఇది ఏటా చెప్పాలి.

వంటకి మాత్రం బయటినుంచి కేటరింగ్ వాళ్లని పెట్టకండి. మండపం వాళ్లకి తెలిసిన వంటమేస్త్రీ ఎవరో ఒకరు ఉంటారు, ఆయన్నే మాట్లాడుకోండి. తెల్లవారుజామున నాలుగింటికి టీ కావాలంటే కేటరింగ్ వాళ్లు మొహం చూస్తారు, వంటమేస్త్రీ మూడింటికే పొయ్యి వెలిగిస్తాడు. ఒకపూట చోడంబలి, అంటే రాగి అంబలి, చెయ్యమని అడగండి. ‘సుట్టాలకి అంబలేటి బాబూ’ అని సిగ్గుపడతాడు గానీ, రెండోసారి అడిగితే చేస్తాడు.