హెనాన్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ: 1912 అన్న అంకె వెనుక ఏముంది?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం పూర్తి చేసింది. పత్తి మొక్క బెట్టను ఎలా తట్టుకుంటుందన్న విషయం మీద పరిశోధన చేయాలని ఆమె కోరిక. చైనాలోని కైఫంగ్ నగరంలో ఉన్న హెనాన్ విశ్వవిద్యాలయంలో స్కాలర్‌షిప్‌తో పీహెచ్‌డీ చేసే వీలుందని తెలుసుకుంది. అది 1912 నుంచి ఉన్న, దేశంలోనే మొదటి శ్రేణి విశ్వవిద్యాలయమని ఒక ఏజెంటు చెబుతున్నారు. అదొక ప్రావిన్సు స్థాయి విద్యాసంస్థ మాత్రమేనని, అంత దూరం పంపవద్దని మా బంధువులు అంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక తండ్రి, గుంటూరు జిల్లా

జవాబు: మీకు అందిన రెండు మాటల్లోనూ నిజం ఉంది, కానీ రెండూ సగం సగమే. ఒక విశ్వవిద్యాలయం ఎప్పుడు పుట్టిందన్న దానికంటే, పుట్టిన తరువాత దాని నుంచి ఏ విభాగాలు విడిపోయాయి, ఏవి వచ్చి చేరాయి, ఈనాడు అక్కడ నిజంగా ఏ శాస్త్రం బలంగా ఉంది అన్నవే మీ అమ్మాయి భవిష్యత్తును నిర్ణయిస్తాయి. హెనాన్ విశ్వవిద్యాలయం విషయంలో ఈ లెక్క మరీ ముఖ్యం. అందుకే దాని చరిత్రను కొంచెం నెమ్మదిగా చెబుతాను, ఓపికగా చదవండి.

పాత ప్రాంగణం ఉన్న స్థలంలో ఒకప్పుడు హెనాన్ ప్రావిన్సు రాజోద్యోగ పరీక్షల ప్రాంగణం ఉండేది. 1900 నాటి అల్లర్లలో బీజింగ్‌లోని పరీక్షా ప్రాంగణం తగలబడిపోవడంతో, దేశమంతటి నుంచి అభ్యర్థులు వచ్చి రాసే పై స్థాయి పరీక్షను 1903లోనూ 1904లోనూ కైఫంగ్‌లో ఈ చోటే నిర్వహించారు. 1905లో ఆ పరీక్షా విధానాన్నే రద్దు చేశారు కనుక, దాదాపు పదమూడు వందల ఏళ్ల పద్ధతిలో చివరి పై స్థాయి పరీక్ష జరిగిన నేల ఇదే. 1912లో అదే స్థలంలో, ఐరోపాకూ అమెరికాకూ చదువుకోవడానికి వెళ్లే కుర్రవాళ్లను తయారుచేసే పాఠశాలను ప్రావిన్సు ప్రభుత్వం తెరిచింది. ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్ భాషలు నేర్పడం దాని ప్రధాన పని. ఏజెంటు చెప్పిన 1912 ఈ పాఠశాల పుట్టిన సంవత్సరం. అది విశ్వవిద్యాలయంగా మారింది 1923లో, అదీ జోంగ్‌జౌ విశ్వవిద్యాలయం అన్న పేరుతో. తరువాత చైనా తత్త్వశాస్త్ర చరిత్రకారుడిగా ప్రపంచానికి తెలిసిన ఫెంగ్ యూలాన్, అమెరికాలో డాక్టరేటు చేసి తిరిగి వచ్చిన కొత్తలో పాఠాలు చెప్పింది ఇక్కడే. హెనాన్ విశ్వవిద్యాలయం అన్న పేరు 1930లో వచ్చింది, 1942లో జాతీయ హోదా కూడా దక్కింది.

ఆ హోదా దక్కేనాటికి విశ్వవిద్యాలయం కైఫంగ్‌లో లేదు. జపాన్ సైన్యం ముందుకు వస్తుండటంతో 1937 చివర్లో ఊరు వదిలిన అధ్యాపకులూ విద్యార్థులూ చోటు తరువాత చోటు మారి, 1939లో పశ్చిమ హెనాన్ కొండల్లోని తాన్‌తౌ అనే చిన్న ఊరికి చేరారు. గ్రంథాలయాన్నీ ప్రయోగశాల పరికరాలనూ వెంట మోసుకెళ్లి, అయిదేళ్ల పాటు అక్కడే తరగతులు నడిపారు. వైద్య కళాశాల దగ్గర్లోని సోంగ్ జిల్లా కేంద్రంలో రోగులను చూస్తూ సాగింది. 1944 మే నెలలో జపాన్ సైన్యం తాన్‌తౌ మీద పడినప్పుడు అధ్యాపకులు, విద్యార్థులు, వారి కుటుంబీకులు పలువురు ప్రాణాలు కోల్పోయారు. మిగిలినవారు మళ్లీ నడక సాగించి, యుద్ధం ముగిశాక 1945లో కైఫంగ్ చేరుకున్నారు. ఒక విద్యాసంస్థ పట్టుదలను కొలవాలంటే నేను ర్యాంకుల పట్టిక కంటే ముందు ఇటువంటి సంవత్సరాలను చూస్తాను.

మీ ప్రశ్నకు నేరుగా సంబంధించిన మలుపు 1952లో వచ్చింది. సోవియట్ నమూనాను అనుసరించి చైనా ప్రభుత్వం ఉన్నత విద్యను మొత్తంగా పునర్వ్యవస్థీకరించి, అన్ని శాస్త్రాలూ ఒకే చోట ఉన్న పెద్ద విశ్వవిద్యాలయాలను విడదీసింది. సాహిత్యం, విజ్ఞానశాస్త్రాలు, ఇంజనీరింగు, వ్యవసాయం, వైద్యం, న్యాయం అన్నీ ఉన్న హెనాన్ విశ్వవిద్యాలయం నుంచి వ్యవసాయ, వైద్య కళాశాలలు స్వతంత్ర సంస్థలుగా విడిపోయాయి, జలవనరుల విభాగం వూహాన్‌కు వెళ్లిపోయింది. 1954లో ప్రావిన్సు రాజధాని కైఫంగ్ నుంచి ఝంగ్‌జౌకు మారడంతో వ్యవసాయ, వైద్య కళాశాలలు కూడా కొన్నేళ్లలో ఆ నగరానికే తరలిపోయాయి. కైఫంగ్‌లో మిగిలినది ఉపాధ్యాయ శిక్షణ కళాశాల. పాత పేరు తిరిగి దక్కేసరికి 1984 వచ్చింది. కాబట్టి 1912 నుంచి ఎడతెగకుండా పెరిగిన మహా విశ్వవిద్యాలయం అన్న చిత్రం సరైనది కాదు. ఎదిగి, అవయవాలు కోల్పోయి, ముప్పయ్యేళ్ల తరువాత మళ్లీ కట్టుకుంటూ వచ్చిన సంస్థ ఇది.

(ఇదే విశ్వవిద్యాలయంలో ఎంబీబీఎస్ గురించి అడిగే తల్లిదండ్రులకు ఇక్కడే ఒక మాట. 1952లో విడిపోయిన ఆ పాత వైద్య కళాశాల 2000లో ఝంగ్‌జౌ విశ్వవిద్యాలయంలో కలిసింది. హెనాన్ విశ్వవిద్యాలయంలో నేడున్న వైద్య విద్యకు మూలం, అదే 2000లో దానిలో విలీనమైన కైఫంగ్ వైద్య కళాశాల. రెండింటినీ ఒకటిగా చూపే కరపత్రాన్ని నమ్మకండి.)

ఇక ఈనాటి సంగతి. మీ బంధువులు అన్నట్టు ఇది ప్రధానంగా ప్రావిన్సు ప్రభుత్వం నడిపే విశ్వవిద్యాలయమే. 2008 నుంచి కేంద్ర విద్యాశాఖ కూడా దాని అభివృద్ధిలో భాగస్వామి. ప్రావిన్సు స్థాయి అన్న మాటను తక్కువ చేసి చూడవద్దు, ఎందుకంటే హెనాన్ జనాభా పది కోట్లకు దగ్గరగా ఉంటుంది, ఏటా అక్కడి ప్రవేశపరీక్ష రాసేవారి సంఖ్య పది లక్షలు దాటుతుంది. వారిలో మంచి మార్కులు తెచ్చుకున్నవారే ఈ ప్రాంగణంలో కనిపిస్తారు. ఏజెంటు చెప్పిన మొదటి శ్రేణి అన్న మాట ఎంపిక చేసిన విశ్వవిద్యాలయాలనూ శాస్త్రాలనూ ప్రపంచ స్థాయికి తీసుకెళ్లడానికి 2017లో చైనా జాబితా ప్రకటించిన డబుల్ ఫస్ట్ క్లాస్ పథకం నుంచి వచ్చింది. ఆ జాబితాలోని 137 సంస్థలలో 42 మాత్రమే విశ్వవిద్యాలయ స్థాయిలో ఎంపికయ్యాయి, మిగిలిన 95 ఏదో ఒకటి లేదా కొన్ని శాస్త్రాలకు మాత్రమే ఎంపికయ్యాయి. హెనాన్ విశ్వవిద్యాలయం రెండో కోవలోనిది, దానికి దక్కిన శాస్త్రం జీవశాస్త్రం. వేరే అంశం చదవాలనుకునే విద్యార్థికి ఈ గుర్తింపుతో పెద్దగా ఉపయోగం లేదు గాని మీ అమ్మాయికి మాత్రం ఉంది. ప్రతికూల పరిస్థితులకు పంటలు ఎలా సర్దుకుంటాయో పరిశోధించే జాతీయ స్థాయి ప్రయోగశాల అక్కడ ఉంది. అదే ప్రావిన్సులోని అన్‌యాంగ్‌లో ఉన్న చైనా వ్యవసాయ శాస్త్రాల అకాడమీ పత్తి పరిశోధన సంస్థతో కలిసి పత్తి జీవశాస్త్ర ప్రయోగశాలను నెలకొల్పిన అనుభవమూ ఆ విశ్వవిద్యాలయానికి ఉంది. గుంటూరు నేల మీద పత్తిని చూస్తూ పెరిగిన పిల్లకు ఇంతకంటే తగిన చోట్లు ఎక్కువ ఉండవు.

అయితే ఒక విషయం ఆమె స్పష్టంగా తేల్చుకోవాలి. వ్యవసాయ కళాశాల విడిపోయిన కారణంగా ఇక్కడి మొక్కల పరిశోధన ప్రధానంగా జీవశాస్త్రం వైపు నుంచి పెరిగింది. జన్యువులు, ఆకుల పత్రరంధ్రాలు మూసుకునే తీరు, కణంలో సంకేతాలు నడిచే దారి వంటివి అక్కడ లోతుగా నేర్చుకోగలదు. కొత్త వంగడాలు తయారుచేసి, పొలంలో పరీక్షించి, విత్తన సంస్థలో ఉద్యోగం చేయాలన్నది ఆమె కోరిక అయితే, అన్‌యాంగ్ సంస్థతో కలిసి పనిచేసే గైడ్‌ను ఎంచుకోవాలి, లేదా ఝంగ్‌జౌలోని హెనాన్ వ్యవసాయ విశ్వవిద్యాలయాన్ని కూడా పరిశీలించాలి. ఆమె ఈ రెండింటిలో ఏది కోరుకుంటోందో మీ ఉత్తరంలో లేదు. నిర్ణయం మాత్రం అక్కడి నుంచే మొదలవ్వాలి.

డబ్బు విషయంలో మీరు ఎక్కువ దిగులు పడనక్కరలేదు. చైనా ప్రభుత్వ పూర్తి స్కాలర్‌షిప్ వస్తే ఫీజు, హాస్టల్, ఆరోగ్య బీమా దానిలోనే ఉంటాయి. పీహెచ్‌డీ విద్యార్థికి నెలకు 3,500 యువాన్లు, అంటే మన లెక్కలో నలభై వేల రూపాయల పైచిలుకు, చేతికి ఇస్తారు. వయసు 40 లోపు ఉండాలి. దీనికి ఏజెంటు అవసరం లేదు, దరఖాస్తు ఆమే స్వయంగా పెట్టుకోవచ్చు. గైడ్ ముందుగా ఒప్పుకుంటే దరఖాస్తుకు బలం వస్తుంది, ఆ ఉత్తరాన్ని డబ్బు తీసుకుని ఎవరూ తెచ్చిపెట్టలేరు.

అక్కడి పరిశోధక జీవితంలో గైడ్ స్థానం మన దగ్గర కంటే కూడా పెద్దది. వారం వారం గ్రూపు సమావేశంలో చేసిన పని చూపించాలి, సెలవు కావాలన్నా ఆయన అనుమతి కావాలి, సిద్ధాంత గ్రంథం, ఎవరో బయటపెట్టని నిపుణుల పరిశీలనకు వెళుతుంది. పత్రాలు ఇంగ్లీషులో రాసినా, ల్యాబ్‌లో తోటివారి మాటలన్నీ చైనా భాషలోనే సాగుతాయి. కాబట్టి బయలుదేరే ముందే ఆరు నెలలైనా భాష నేర్చుకోవాలి. గూగుల్, వాట్సాప్ మామూలుగా పనిచేయవు, అక్కడివారితో మాట్లాడటానికి వీచాట్ అనే చైనా యాప్ అలవాటు చేసుకోవాలి. మన దేశంలో వీచాట్‌ను 2020లో నిషేధించారు కనుక ఇంటితో మాట్లాడే దారి ఏదో ముందే చూసుకోవాలి. హెనాన్ గోధుమల నేల కనుక నూడుల్స్, ఆవిరి రొట్టెలే ప్రధాన ఆహారం. శాకాహారులైతే వండుకునే వీలున్న హాస్టలేనా అని ముందుగా అడగండి. చలికాలంలో ఉష్ణోగ్రత సున్నా కంటే కిందికి పోతుంది. విశ్వవిద్యాలయానికి కైఫంగ్‌లో రెండు, ఝంగ్‌జౌలో ఒకటి ప్రాంగణాలు ఉన్నాయి. ఆమె గైడ్ ల్యాబ్ ఏ ప్రాంగణంలో ఉందో కూడా తెలుసుకోవాలి, రెండు నగరాల జీవితాలు ఒకలా ఉండవు.

తిరిగి వచ్చాక అధ్యాపక ఉద్యోగం చేయాలనుకుంటే ఒక నిబంధన గుర్తుంచుకోవాలి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం, ప్రపంచ ర్యాంకులలో మొదటి 500లో ఏ సంవత్సరంలోనైనా చోటు పొందిన విదేశీ విశ్వవిద్యాలయం పీహెచ్‌డీ ఉన్నవారికి అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు నెట్ అవసరం లేదు. ఆ ర్యాంకు క్యూఎస్, టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్, షాంఘై జాబితాలలో ఒక దానిలోనిదై ఉండాలి. ఆ మూడు జాబితాలనూ ఆమె స్వయంగా చూసి, హెనాన్ విశ్వవిద్యాలయం పేరున్న పేజీ దొరికితే తేదీతో సహా ముద్రించి దాచుకోవాలి. అది దొరికినా దొరకకపోయినా, వెళ్లేలోపు నెట్ ఒకసారి రాయమని చెప్పండి.

ముందుగా చేయవలసిన పని ఏజెంటుకు డబ్బు కట్టడం కాదు. గత మూడేళ్లలో పత్తి మీదా బెట్ట మీదా అక్కడి ప్రొఫెసర్లు ప్రచురించిన పత్రాలను అయిదారు చదివి, వారిలో ఇద్దరికి తన ఎమ్మెస్సీ ప్రాజెక్టు గురించి ఒక పేజీ ఉత్తరం రాయమనండి. దరఖాస్తులు సాధారణంగా జనవరి నుంచి ఏప్రిల్ మధ్య తీసుకుంటారు కనుక ఆ ఉత్తరం నవంబరు లోపే వెళ్లాలి. జవాబు వస్తే, ల్యాబ్‌లో ఇప్పటికే చదువుతున్న విదేశీ విద్యార్థి ఒకరితో మాట్లాడించమని మర్యాదగా కోరాలి. ఆ విద్యార్థిని మీ అమ్మాయి మొదట అడగవలసింది, ఆ గైడ్ దగ్గర పీహెచ్‌డీ మొదలుపెట్టినవారికి పట్టా చేతికి రావడానికి ఎన్నేళ్లు పడుతోందని.