రెండు రోలర్ల మిల్లులో మాల్ట్ దిగకపోతే: సందు జోలికి వెళ్లే ముందు రెండో రోలరును చూడండి

డ్రిల్లు బిగించిన రోలరు తిరుగుతూనే ఉందని, పక్కది మాత్రం కదలడం లేదని, తొట్టిలో పోసిన బార్లీ మాల్ట్ (బీరు తయారీకి మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) కిందికి దిగకుండా పైపైనే ఎగురుతోందని, ఏడాదిగా ఏ ఇబ్బందీ పెట్టని మిల్లు ఉన్నట్టుండి ఇలా మొరాయించిందని మీరు రాశారు. రెండేళ్ల కిందట నా మిల్లు కూడా అచ్చంగా ఇలాగే ఆగిపోయింది. మీరు ఇప్పుడు చేయాలనుకుంటున్న పనినే, అంటే రోలర్ల మధ్య సందును ఇంకా తగ్గించడమే, నేనూ మొదట చేశాను. అంతవరకు అడపాదడపా దిగుతున్న గింజ దానితో పూర్తిగా నిలిచిపోయింది. కాబట్టి సందును ఇప్పుడే కదిలించవద్దని నా మనవి.

ఈ రకం మిల్లులలో చాలావాటికి డ్రిల్లు బలం ఒక్క రోలరుకే అందుతుంది. రెండోదానిని తిప్పేది నిజానికి గింజే. తిరిగే రోలరు మీది గాట్లు (తిరగలి రాతికి కక్కు కొట్టినట్లు ఉంటాయి) గింజను పట్టి లోపలికి లాగితే, ఆ గింజ ఒరిపిడికి పక్క రోలరు ఎదురు దిశలో తిరుగుతుంది. ఆ రెండోది ఏ కారణం చేతనైనా బిగుసుకుపోతే గింజ దానిమీద జారుతుందే తప్ప నలగదు. సందు తగ్గించిన కొద్దీ రోలర్ల మధ్య గింజ కూర్చునే చోటు కూడా ఇరుకవుతుంది గనుక ఇబ్బంది పెరుగుతుంది.

డ్రిల్లును విప్పి, తొట్టిని ఖాళీ చేసి, ఆ రెండో రోలరును వేలితో తిప్పి చూడండి. అది ఏ అడ్డూ లేకుండా తేలికగా తిరగాలి. బరువుగా తిరిగినా, ఒకచోట పట్టేసినా లోపం అక్కడే ఉంది. రోలరు అంచుకు, పక్క పలకకు మధ్య పొట్టు ముక్క ఇరుక్కోవడం, ఇరుసు తిరిగే బుష్‌లో సన్నని పిండి చేరి గట్టిపడటం, తుప్పు, పలకల మరలను ఒకవైపు ఎక్కువగా బిగించడం వల్ల ఇరుసు వంకరగా కూర్చోవడం సాధారణంగా కనిపించే కారణాలు.

నా విషయంలో తప్పు నాదే. పొట్టు చిట్లకుండా ఉండాలని మరపట్టే ముందు మాల్ట్‌ను కాస్త తడిపే పద్ధతి ఒకటి ఉంది: గింజ బరువులో సుమారు 2 శాతం నీరు, అంటే 5 కిలోలకు 100 గ్రాములు, చిలకరించి, బాగా కలిపి, కొద్ది నిమిషాలు ఆగితే పొట్టు మెత్తబడి సాగుతుంది. నేను కొలత చూడకుండా చిలకరించాను, పైగా పని అయ్యాక మిల్లును దులపకుండా మూల పెట్టేశాను. తడిసిన పిండి బుష్‌లో జిగురులా ఎండిపోయింది, గాట్లలోనూ నిండుకుంది.

మరమ్మతు కష్టమేమీ కాదు. విప్పే ముందు సందు సర్దే మరల స్థానాన్ని గుర్తుపెట్టుకోండి. గాట్లలోని పిండిని గట్టి పొడి బ్రష్‌తో తీయండి; ఉక్కు రోలర్లయితే నీటితో కడగడం తుప్పును పిలిచినట్లే. ఇరుసు కొనలను, బుష్‌లను గుడ్డతో తుడిచి, ఆహార యంత్రాలకు వాడదగిన నూనె ఒక్క చుక్క వేయండి. మూసివున్న బేరింగులైతే అదీ అవసరం లేదు. తిరిగి బిగించేటప్పుడు మరలను ఒకటి విడిచి ఒకటి కొద్దికొద్దిగా బిగిస్తూ, ప్రతిసారీ రోలరును వేలితో తిప్పి చూసుకోండి.

సందు సంగతి ఆ తర్వాతే. సందు సర్దే మర మీది గుర్తులను నమ్మకుండా ఫీలర్ గేజితో (మందం రాసి ఉన్న సన్నని లోహపు రేకుల కట్ట) రెండు కొసల వద్దా కొలవండి. బార్లీ మాల్ట్‌కు నేను 1 మిల్లీమీటరుతో మొదలుపెట్టి 0.9కీ 1.1కీ మధ్య సర్దుకుంటాను. బ్యాంకు కార్డును కొలతగా వాడేవారున్నారు గాని, దాని మందం 0.76 మిల్లీమీటర్లే గనుక ఆరంభానికి అది మరీ ఇరుకు. గోధుమ మాల్ట్ గింజ చిన్నది, గట్టిది. దానిని వేరుగా, సందు కొంచెం తగ్గించి ఆడిస్తే మేలు.

డ్రిల్లు వేగం నిమిషానికి 150 నుంచి 200 చుట్లు మించనివ్వకండి, రోలర్లు తిరగడం మొదలయ్యాకే గింజ వదలండి. ముందుగా గుప్పెడు ఆడించి అరచేతిలో పరచి చూడండి. పొట్టు చీలినా చాలావరకు నిలిచి ఉండాలి, లోపలి పప్పు నూకగా విరగాలి, పిండి తక్కువగా ఉండాలి. మాష్ (వేడినీటిలో నానబెట్టిన మాల్ట్ నూక) నుంచి రసం వడకట్టేటప్పుడు జల్లెడ పని చేసేది ఆ పొట్టే గనుక అది పొడి అయితే రసం దిగదు; మరోవైపు, నలగని గింజలు మిగిలితే వాటిలోని పిండిపదార్థం చక్కెరగా మారదు. అన్నట్టు, ఈ పనిని పులియబెట్టే పాత్రకు దూరంగా చేయండి, ఎందుకంటే గింజల దుమ్ములో పులుపెక్కించే సూక్ష్మజీవులు ఉంటాయి.

శుభ్రం చేశాక రోలరు వేలికి తేలికగా తిరుగుతూ, సందు కూడా సరిగ్గా ఉండి, అప్పటికీ గింజ దిగకపోతే గాట్లు అరిగి నునుపెక్కాయేమో గోటితో గీసి చూడండి. రోలర్ల కొసలకు రబ్బరు రింగులు తొడిగి రెండోదాన్ని కూడా తిరిగేలా చేసేవారున్నారు. నాకు ఆ అవసరం రాలేదు, అరిగిన గాట్లకు అది తాత్కాలిక ఉపాయమే తప్ప మందు కాదని నా అభిప్రాయం.