చెరిపే ముందు చెప్పాల్సిన మాట

హన్మకొండ

బిడ్డా,

తెర మీద ఫొటోలు చూపించే ఒక డిజిటల్ ఫ్రేమ్‌లకెళ్లి ఇంకో ఫ్రేమ్‌లకు ఫొటోలు ఎక్కించే సాఫ్ట్‌వేర్ చేసినవట, దాన్ని ఎట్ల వాడాల్నో చెప్పే పుస్తకం కూడా నువ్వే రాస్తున్నవట. నిన్న మీ బాపు ఫోన్‌ల చెప్పిండు. రాత్రి మీ పెద్దమ్మకు రెండుసార్లు చెప్పుకున్న. మన స్టూడియోల స్టూలెక్కి ఆల్బమ్‌లకు ఫొటోలు అందిచ్చిన పిల్లవు నువ్వు. సంతోషంతోని పండుకున్న గని తెల్లారేసరికి రంది పట్టుకున్నది. అందుకే ఈ ఉత్తరం.

సులువైనయి ఒక్కొక్క లైన్‌ల తేల్చెయ్. మెమొరీ కార్డు ఎటు పెట్టాలె, పెన్‌డ్రైవ్ ఎక్కడ పెట్టాలె అన్నదానికి బొమ్మ ఉంటే చాలు. ఫ్యాట్32 అనే పాత పద్ధతిల ఫైళ్లు దాచే కార్డుల 4 జీబీకి మించిన ఫైలు పట్టదని వీడియోలోళ్లకు ఒక ముక్క రాయి. ఐఫోన్లు 2017ల వచ్చిన ఐఓఎస్ 11 (ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) నుంచి ఫొటోలను మామూలుగ హెచ్‌ఈఐసీ అనే తీరు ఫైళ్లల దాస్తున్నయ్, చానా ఫ్రేములు దాన్ని చదవయ్. నీ సాఫ్ట్‌వేర్ వాటిని అన్ని ఫ్రేములు చదివే జేపెగ్ తీరుకు మార్చకపోతే ఆ మాట మొదటి పేజీలనే ఉండాలె.

ఫొటో ఫైళ్ల పేర్ల కాడ మాత్రం జర ఆగి రాయి. కెమెరా ఫొటోలకు ఏసే నంబరు 9999 దాటితే మళ్ల 0001 నుంచి మొదలువెడ్తది. మీ ఫ్రేమ్‌ల డీఎస్సీ_0001 అంటే మేడారం జాతర, మా ఫ్రేమ్‌ల డీఎస్సీ_0001 అంటే మీ అక్క బిడ్డ తొట్టెల. ఒకటే పేరు, వేరే ఫొటోలు. ఎక్కిచ్చినప్పుడు నీ సాఫ్ట్‌వేర్ పాతదాన్ని ఉంచుతదా, పేరు మార్చి రెండూ ఉంచుతదా, పాతదాని మీద కొత్తది రాస్తదా? ఇది తెల్వకుండ ఎవ్వలూ బటన్ ఒత్తొద్దు.

ఇగ అసలు సంగతి. నువ్వు అప్పుడు చిన్నదానివి, నీకు తెల్వదు. రీలు కెమెరాలు పోయి డిజిటల్ వచ్చిన కొత్తల, పనికి కుదిరిన పిల్లగాని కోసం ఒక కాయితం రాసి కంప్యూటర్ పక్క గోడకు అతికిచ్చిన. మూడో లైన్: కార్డుల ఫొటోలు కంప్యూటర్‌లకు ఎక్కియ్యి. నాలుగో లైన్: కార్డు ఫార్మాట్ కొట్టు, అంటే ఖాళీ చెయ్యి. ఐదో లైన్: ఫార్మాట్ కొట్టే ముందు లెక్క సరిపోయిందా, ఫొటోలు తెరుచుకుంటున్నయా చూడు. అండ్ల నాకు తప్పు కనవడలే. రాసినోన్ని కాబట్టి మొత్తం నా మనసుల ఉన్నది. ఆ పిల్లగాడు ఒక లైన్ చదివి ఒక పని చేసిండు, ఇంకో లైన్ చదివి ఇంకో పని చేసిండు. కొత్తోళ్లు ఎవ్వలైనా అట్లనే చేస్తరు.

పరకాల దిక్కు ఒక పెండ్లి. ఫొటోలు ఎక్కుతుంటే మధ్యల కరెంటు పోయింది. వచ్చినంక ఫోల్డర్ తెరిస్తే ఫొటోలు కనవడ్డయ్, ఫార్మాట్ కొట్టిండు. ఐదో లైన్ చదివి లెక్కవెడితే సగం లేవు. భయానికి నాకు చెప్పలే. తెల్లారి ఇంకో పెండ్లికి ఆ కార్డునే కెమెరాల ఏసుకొని పోయింది నేనే. మామూలు ఫార్మాట్‌ల ఫొటోల జాబితానే పోతది, ఫొటోలు కార్డుల అట్లనే ఉంటయ్, మీద కొత్తయి పడేదాక. ఆ రాత్రే తెలిస్తే చానావరకు వెనుకకు తీసెటోళ్లం.

పోయినయి అప్పగింతల ఫొటోలు. పెండ్లిపిల్లను పట్టుకొని వాళ్ల బాపమ్మ ఏడ్చింది, నా కళ్ల ముందే తీసిన. ఆ ముసలమ్మ దసరా దాటలే. పెండ్లిపిల్ల నాయిన వచ్చి, "మా అవ్వది ఒక్కటన్న ఉన్నదా?" అని అడిగిండు. పైసలు వాపస్ ఇయ్యబోతే ముట్టలే. పిల్లగాన్ని ఆ దినం చానా తిట్టిన, బిడ్డా. తిట్టాల్సింది కాదు. వాడు నేను రాసిన వరుసలనే చేసిండు.

అందుకని చెప్తున్న. చెరిపే పని ఎక్కడున్నా, జాగ్రత్త మాట దానికి ముందు లైన్‌ల ఉండాలె. రెండు ఫ్రేములను ఒక్కతీరుగ చేసుడుకు "సింక్" అని రాసి వదిలెయ్యకు. ఒక ఫ్రేమ్‌ల తీసేసిన ఫొటో రెండో ఫ్రేమ్‌ల కూడా పోతదా అన్నది విప్పి రాయి. "మొదటి ఫ్రేమ్, రెండో ఫ్రేమ్" అని కూడా రాయకు, ఎవ్వలకు ఏది మొదటిదో తెల్వదు. "ఫొటోలు ఉన్న ఫ్రేమ్, ఫొటోలు పోవాల్సిన ఫ్రేమ్" అను. మధ్యల కరెంటు పోతే ఏం చెయ్యాల్నో ఒక పేజీ రాయి: కార్డు తీసి పక్కకు పెట్టు, దాని మీద కొత్తగ ఏదీ ఎక్కియ్యకు, ఇంట్ల ఒకలికి చెప్పు. ఆ చివరి ముక్క తప్పకుండ ఉండాలె.

రాత్రి రెండింటిదాక కూసుంటున్నవట, అన్నం కూడా సరిగ తింటలేవట. మీ అమ్మ చెప్పింది. నిద్రకండ్లతోని ఇసువంటియి రాయకు, నా మాట విను. మీ పెద్దమ్మ నీకోసం సకినాలు చేసి డబ్బాల పెట్టింది.

బతుకమ్మకు వచ్చినప్పుడు రాసిందంతా ప్రింటు తీసుకొని రా. పెద్దమ్మ ముందల రెండు ఫ్రేములు పెడదాం, ఆమెనే చదువుకుంటూ చెయ్యనియ్యి. పక్కన కూసోని అందియ్యకు. ఆమె ఎక్కడ ఆగి నీ మొఖం చూస్తదో అక్కడ పెన్సిల్‌తోని గీత పెట్టు. కాకపోతే మా ఫ్రేమ్‌ల కార్డుకు ముందుగాల నకలు తీద్దాం, మీ బాపమ్మ ఫొటోలు అండ్లనే ఉన్నయ్.

మీ పెద్దబాపు