బీపీ మామూలుగానే ఉంటే ఆస్పిరిన్ ఎందుకు?

ప్రశ్న: నా వయసు 29. తొలి కాన్పులో బీపీ బాగా పెరగడంతో 33వ వారంలోనే సిజేరియన్ చేశారు. ఇప్పుడు మళ్లీ 12వ వారం. బీపీ మామూలుగానే ఉంది. అయినా డాక్టర్ రోజూ రాత్రి ఆస్పిరిన్ 150 వేసుకోమన్నారు. అది గుండెజబ్బు మాత్ర, రక్తం పలచబడి బిడ్డకు ఏమైనా అవుతుందని ఇంట్లో వద్దంటున్నారు. మానేయొచ్చా?
- ఒక సోదరి

జవాబు: మానేయకండమ్మా. ఈ మాత్ర మొదలుపెట్టాల్సింది ఇప్పుడే. బీపీ పెరిగాక వేసుకుంటే ఫలితం ఉండదు.

బీపీ ఆరో నెలలోనో ఏడో నెలలోనో బయటపడుతుంది గానీ, దాని మూలం ఈ వారాల్లోనే ఉంటుంది. మాయ గర్భాశయం గోడలో నాటుకుంటూ అక్కడి సన్నని రక్తనాళాలను వెడల్పు చేసుకుంటుంది. కొందరిలో ఆ పని సగంలో ఆగిపోతుంది. నాళాలు ఇరుగ్గానే ఉండిపోయి మాయకు రక్తం చాలదు. అప్పుడు దాని నుంచి వెలువడే పదార్థాలు తల్లి రక్తనాళాలను దెబ్బతీస్తాయి. బీపీ పెరగడం, మూత్రంలో ప్రొటీన్ పోవడం ఆ తర్వాతి సంగతులు. ఈ జబ్బునే ప్రీఎక్లాంప్సియా అంటారు. అందుకే 16 వారాలు నిండకముందే మొదలుపెట్టమంటాం.

ఇంట్లోవాళ్ల భయం సహజమే. వాళ్లకు ఈ సంగతి చెప్పండి. 2017లో వెలువడిన ‘ఆస్ప్రే’ అధ్యయనంలో, ముప్పు ఎక్కువున్న 1,776 మంది గర్భిణులను చేర్చుకుని కొందరికి ఇదే మోతాదు ఆస్పిరిన్, మిగతావారికి మందులేని ఉత్తుత్తి మాత్ర 36వ వారం దాకా ఇచ్చారు. 37 వారాలలోపే ఈ జబ్బు వచ్చింది ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 4.3 శాతం మందికి, ఆస్పిరిన్ వేసుకున్నవారిలో 1.6 శాతం మందికి. ఆస్పిరిన్ వల్ల బిడ్డలకు హాని పెరగలేదు. నెలలు నిండని బిడ్డలను అద్దాల పెట్టెలో చూసి కుమిలిపోయే తల్లులు మాకు కొత్త కాదు. ఆ బాధను కొంతైనా తప్పించే మాత్రను అపోహతో పక్కన పెట్టకండి. మీకు కడుపులో పుండు, ఆస్పిరిన్ పడకపోవడం వంటివి ఉంటే మాత్రం డాక్టర్‌కు ముందే చెప్పాలి.

మాత్ర వేసుకుంటున్నాం కదా అని బీపీ చూసుకోవడం ఆపొద్దు. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాకే చూసుకోండి. 140/90 దాటినా, తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వచ్చినా అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్లండి. కాన్పయ్యాక తొలి వారాల్లో వచ్చినా అంతే. ఈ జబ్బు ముదిరితే వచ్చే ఫిట్స్ అప్పుడూ రావచ్చు.