ట్యాలీకి (కంప్యూటర్‌లో ఖాతాలు రాసే సాఫ్ట్‌వేర్) మారేటప్పుడు పాత ఖాతా పుస్తకాలన్నీ ఎక్కించాలా?

అక్కర్లేదు, ఏప్రిల్ 1 నాటి ఓపెనింగ్ బ్యాలెన్సులు (ఆ రోజుకి ఒక్కో ఖాతాలో ఉన్న నిల్వలు), గోడౌన్‌లో స్వయంగా లెక్కపెట్టిన స్టాకు ఎక్కిస్తే చాలు. ముగిసిన సంవత్సరాల లెక్కలు ఆ నిల్వల్లోనే కలిసి ఉంటాయి.

షాపులు మనకివ్వాల్సిన బాకీలను మాత్రం మొత్తంగా కాదు, బిల్లువారీగా, అసలు బిల్లు తేదీతో రాయాలి. ఒక కిరాణా కొట్టు బాకీ రూ.18,400 అనుకోండి: 6,200, 7,700, 4,500 చొప్పున మూడు బిల్లులు. ఒకే అంకె వేస్తే, రేపు 7,700 చెక్కు వచ్చినప్పుడు ఏ బిల్లు తీరిందో తెలీదు. ఎన్ని రోజుల బాకీయో చూపే రిపోర్టూ తప్పుతుంది. లైన్‌కెళ్లే (షాపులన్నీ తిరిగే) సేల్స్‌మన్‌తో తగాదాలు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి.

ఇక పాత పుస్తకాలు పారేయొచ్చనుకోవడం పొరపాటు: జీఎస్టీ చట్టం ప్రకారం, ఆ పుస్తకాలు ఏ సంవత్సరానివో ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి.